ఎర్ర తొడుగు

పెద్దమ్మాయీ, క్షేమంగా చేరాను. మోకాలు మొరాయించలేదు.

నిన్న యుద్ధవిమానాల మ్యూజియం చూశాను. నేను మెకానిక్‌గా పనిచేసిన రకం విమానం అక్కడుంది. రెక్క కింది గాలిగొట్టానికి ఎర్ర తొడుగు తొడిగే ఉంది. అది తీయకుండా ఎగిరితే వేగం చూపే ముల్లు కదలదు. చెయ్యి ఊరుకోక లాగేశాను.

"తాతా, అదింక ఎగరదులే!" అని కాపలా అతను నవ్వాడు.

"మా విమానం చివరిసారి ఎగిరిన రోజు తీశానో లేదో గుర్తులేదు బాబూ" అన్నాను.

మా పైలట్ ఆ రోజు యుద్ధం నుంచి తిరిగి రాలేదు. తప్పు నాదేమోనన్న భయం మీ అమ్మకు కూడా చెప్పలేదు. నా మాట విని ఆ కాపలా అతనే ఆఫీసులో, ఆనాటి రేడియో మాటలు రాసి ఉంచిన పుస్తకం తీయించాడు. గుండు తగిలిందని చెప్పిన చివరి మాటలో పైలట్ తన వేగం కూడా చెప్పాడు. ముల్లు పనిచేసిందన్నమాట.

వంటింటి కుళాయి బాగుచేయించావా? నా ట్రంకుపెట్టె అడుగున ఆ పైలట్ చెల్లెలి ఉత్తరం ఉంటుంది. "అన్నయ్యను చివరగా చూసింది మీరే, ఏమన్నాడో రాయండి" అని అడిగింది. మొహం చెల్లక అప్పట్లో జవాబివ్వలేదు. దాని మీదున్న అడ్రసు వెంటనే పంపు. ఆమె అల్లిన స్వెట్టరు గుచ్చుకుంటోందని తిట్టుకుంటూనే, దాన్నే వేసుకుని వెళ్లాడని రాయాలి.

అల్లుడుగారికి నమస్కారం, పిల్లలకు దీవెనలు.

మీ నాన్న