రత్నమ్మ మెడలో రహదారి చీటీ

అక్కా,

నువ్వు కన్నుమూసి రెండేళ్లు నిండినాయి. ముందుగా ఒక మాట సరిదిద్దాలి. నీ కూతురు రత్నమ్మను నేను కూలీలను ఓడలకెక్కించే మేస్త్రీకి అప్పగించినానని ఆత్మకూరులో చెప్పుకుంటున్నారు. అది అబద్ధం. రత్నమ్మ తన మొగుడి దగ్గరికి పోతూ ఉంది, అంతే.

ధాత ఏటి కరువులో సముద్రం అవతలి మోరీసు దీవికి ఓడెక్కిన నీ అల్లుడి జాడ తెలియకుండానే నువ్వు పోయినావు. అతను బతికే ఉన్నాడక్కా. చెరకు తోటలో పని. పెళ్లాన్ని పంపమని కబురు చేసినాడు. కచేరీకి అర్జీ నేనే రాసి, రత్నమ్మకు ఓడెక్కడానికి రహదారి చీటీ తెప్పించినాను.

ఇక్కడ వానలు పడినాయి. ఉదయగిరి కొండ మళ్లీ పచ్చబడింది. జొన్నకంకులు బరువుకు వంగుతూ ఉంటే చూడడానికి నువ్వు లేకపోతివే...

ఇప్పుడు నీకు నవ్వు తెప్పించే సంగతి. చీటీ చేతికి రాగానే రత్నమ్మ అత్త దాన్ని మడిచి, దర్గా దగ్గర తాయెత్తులో పెట్టించి, లక్కతో మూయించి కోడలి మెడలో కట్టింది. సముద్రం మీద కాపాడుతుందట. ఓడకు పేరు రాయించడానికి పోతే కచేరీలో చీటీ చూపమన్నారు, నీ కూతురు మెడ చూపించింది. గుమాస్తా తిప్పి పంపినాడు.

సూదితో లక్క గీకి నేనే బయటికి తీసినాను. చీటీ మీది కచేరీ ముద్ర చెరగలేదు. మహిమ పోయిందని అత్త ఏడ్చింది. ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పినాను... ఈ కాగితం కాపాడదు, సాక్ష్యం చెబుతుంది. ఫలానా మనిషి, ఫలానా చోటికి, తన ఇష్టంతోనే పోతూ ఉందని. ఇది ఓడ ఎక్కడానికే. దిగిన చోట ఉండడానికి అక్కడివాళ్లు వేరే చీటీ ఇస్తారు. అడిగిన చోటల్లా చూపాలి గానీ దాచుకోరాదు.

"కాగితాన్ని నమ్మినంతగా మనుషుల్ని నమ్మవేందిమే?" అని నువ్వు నన్ను అనేదానివి. ఖాళీ తాయెత్తులో దర్గా ఊదు బూడిద పెట్టించి మళ్లీ కట్టించినాను. అత్త కుదుటపడింది. నేను మారినానంటావా?

ఇంకొక్కటి మిగిలింది. పిల్ల ఇష్టపడే పోతూ ఉందని పుట్టింటి పెద్ద ఒకరు కచేరీలో సంతకం చేయాలి. దుత్తలూరులో ఉన్న మన తమ్ముడు కులపెద్దలను అడగాలంటున్నాడు. వాళ్లు తేల్చేదాకా ఓడ ఆగుతుందా? మిషన్ బడిలో నేను చదివిన చదువు ఇంకెందుకు?

నిన్న ఒక్కదాన్నే బండి కట్టించుకొని ఆత్మకూరు కచేరీకి పోయినాను. పుట్టింటి పెద్దనని చెప్పి, నా పేరు నేనే రాసి వచ్చినాను.

నీ చెల్లెలు