రెండు మిషన్లు, ఒకే రక్తం

కడప, మే 2006, శనివారం రాత్రి

థైరాయిడ్ పరీక్షల కొత్త మిషన్, పాత మిషన్ ఫలితాలు బ్రహ్మాండంగా కలిశాయని పొద్దున ల్యాబ్‌లో అందరూ పాలకోవా తిన్నారు. నేను ముట్టలేదు. పోల్చడానికి కంపెనీ ఇంజనీరు తీసుకున్నవన్నీ మా స్టాఫ్ రక్తాలే. అందరం ఆరోగ్యంగా ఉన్నవాళ్లమే. నార్మల్ దగ్గర ఏ రెండు మిషన్లైనా కలుస్తాయి. జబ్బు ఉన్నవాళ్ల రక్తం వేస్తే కదా అసలు సంగతి తెలిసేది!

మధ్యాహ్నం ఆ పనే చేశాను. బద్వేలు నుంచి వచ్చిన గర్భిణి లక్ష్మీదేవి శాంపిల్ రెండింటిలోనూ పెట్టాను. పాతది టీఎస్‌హెచ్ బాగా ఎక్కువంది, అంటే థైరాయిడ్ సరిగా పనిచేయట్లేదని. కొత్తది నార్మల్ అంది. మళ్లీ వేసినా అదే తీరు.

ఓనర్ సుబ్బయ్య గారు చూసి, "పాతది ముసల్దైపోయిండాది లేమ్మా. కొత్తదే నిజం చెప్తాది. సోమవారం నుంచి దాంట్లోనే రిపోర్టులు ఇచ్చెయ్," అన్నారు.

"ఏది నిజమో నాకూ తెల్దు సార్. తెలిసేదాంక ఇయ్యను," అన్నాను.

పాతది తప్పైతే ఆమె ఊరికే మాత్రలు మింగుతుంది. కొత్తది తప్పైతే కడుపులో బిడ్డకు దెబ్బ. మిగిలిన శాంపిల్ ఐస్ డబ్బాలో పెట్టి, రాత్రి బస్సులో హైదరాబాద్ పెద్ద ల్యాబ్‌కు పంపించాను. రిపోర్టుకు ఇంకా కొన్నాళ్లు ఆగమని చెబితే లక్ష్మీదేవి పోతూ పోతూ, "బాగుండాదనే రాయక్కా," అంది. ఆ మాటే ఇంకా చెవిలో...

సోమవారం నేను వెళ్లేలోపే ఓనర్ మొదలుపెట్టించినా పెట్టిస్తారు. పెట్టించుకోనీ. కొత్త మిషన్ ప్రింటర్‌లో వేసే కాగితపు చుట్టలన్నీ నా బ్యాగులో ఉన్నాయి.