నీళ్ల పిల్ల గౌను

2003 ఆగస్టు 14, గురువారం

రేపు బడిలో వేషాల పోటీ. కార్టూన్‌లో చూసిన నీళ్ల పిల్ల గౌనే కావాలని మా అమ్మాయి పద్మ పట్టుబట్టింది. సాయంత్రానికి కుట్టడం అయింది. ఆ బొమ్మకు బట్టలు గీసినవాళ్లెవరో గానీ, గుడ్డ సంగతి బాగా తెలిసినవాళ్లు. ఒంటి మీద ఒక్క నగ లేదు. భుజాల దగ్గర లేత నీలం, కిందికి వచ్చేకొద్దీ ముదురు, అంచున మాత్రం నురుగులా సన్నటి తెలుపు. పిల్ల గిర్రున తిరిగి ఆగితే, గౌను అంచు ఒక క్షణం తర్వాత ఆగుతుంది. పన్నెండేళ్లుగా మిషను తొక్కుతున్నాను, అలాంటి కత్తిరింపు నాకెప్పుడూ తట్టలేదు.

కానీ ఒక తప్పు చేశాను. రంగు నిలవాలంటే కొత్త గుడ్డను ముందు ఉప్పునీళ్లలో నానబెట్టాలి. ఊళ్లోకి నీళ్ల ట్యాంకరు వచ్చి నాలుగు రోజులైంది. "తాగేకే నీళ్లు ల్యావు, గుడ్డకు పోస్తావా?" అని మా అత్త బిందె మీద చెయ్యి పెట్టింది. నానబెట్టకుండానే కత్తిరించాను. ఇప్పుడు వాన తగిలితే నీలం దిగి తెల్ల అంచంతా పాడవుతుంది. పోటీ పెట్టేదేమో ఆరుబయట. ఇప్పటికి మూడుసార్లు లేచి ఆ అంచును తడిమి చూశాను.

పొద్దుగూకేటప్పుడు మా ఆయన వేరుశనగ చేను నుంచి వచ్చి వాకిట్లోనే నిలబడిపోయాడు.

"పడమటి దిక్కు చూడే, మబ్బు పట్టుండాది. రేపు పడ్తాది. చెనిక్కాయ బతుకుతాది. నువ్వూ మొక్కుకో."

ఆయన ముఖంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. పక్కన నిలబడి చేతులు జోడించాను.

ఏమని మొక్కుకున్నానో ఆయన అడగలేదు.