గోల్‌పోస్టు ముందు మాడిన గడ్డి

మల్లేశన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి రెండేండ్లు. గల్ఫుల మనం గడ్డి చూసుకునే ఫుజైరా ఫుట్‌బాల్ గ్రౌండుల డిఫెండర్‌గా ఆడి, నువ్వుండంగనే వాళ్ల దేశం పోయిన స్పెయినాయన, కోచ్ అయ్యి మళ్లొచ్చిండు. నువ్వు నీళ్లు పట్టి, చెప్పులిడిచి నడిచి, సరే అంటేనే ఆయన ఆటకు దిగేటోడు గదా!

గోల్‌పోస్టు ముందు ఆయన కాసిన జాగలనే నువ్వు ఎండకు కూలినవు. ఆడ పైపు పెట్ట నాకు చేతులు రాక గడ్డి మాడిపోయింది. అది జూసి, "మల్లేశ్ ఏడి?" అన్నడు. "ఛుట్టీ మీద ఇంటికి పోయిండు" అని అబద్ధం చెప్పిన. నిన్ను పెట్టెల పెట్టి విమానం ఎక్కించింది నేనే.

ఇప్పుడు ఆ జాగల ఎవ్వలనీ నీళ్లు పట్టనిస్తలేడు, నువ్వొచ్చి పడుతవని. రోజూ గేటు దిక్కు జూసి అడుగుతుండు.

అన్నా, ఎన్నడొస్తవని చెప్పాలె?