మేనమామ అమ్మనన్న కోటు

అమ్మకి,

నీ పెద్దకూతురు నమస్కారాలతో రాస్తోంది. ఇక్కడ అందరం కులాసా. అన్నయ్య కోపం కూడా ఏ లోటూ లేకుండా కులాసాగానే ఉంది. అక్కడ నువ్వూ, చెల్లీ, పసిదీ హాయిగా ఉన్నారని తలుస్తాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. మీ అల్లుడి నడుంనొప్పి తగ్గింది, మూలగడం మాత్రం ఇంకా మానలేదు. పళ్ల డాక్టరుగారి దగ్గర నా ఉద్యోగం బానే ఉంది. చెల్లి పాప ఎవర్నీ నిద్రపోనివ్వడం లేదని రాశావు. నన్ను పెంచినదానివి, నీకిది కొత్తా! ఇక, "నీ కూతురు ఆ జూడో మానేసిందా?" అన్నావు. పిచ్చుక మానలేదు. నేను మాన్పించను కూడా.

అన్నయ్యతో మాటలు ఎందుకు మానేశావని అడిగావు కదా. వాడు చెప్పింది విన్నావు, ఇప్పుడు నాది విను.

ఆదివారం పోటీ అనగా, పిచ్చుక అరువు తెచ్చుకున్న కోటు చంక దగ్గర చిరిగిపోయింది. జూడోలో అవతలివాళ్ల కాలరూ చేతులూ పట్టుకుని పడేస్తారు. అందుకని కోటు దళసరిగా లేకపోతే బరిలోకే రానివ్వరు. మనకి తెలిసిన ఆటసామాన్ల షాపు అన్నయ్యదే కదా అని పిల్లని తీసుకుని వెళ్లాను. పై అరలో కోట్లు కనిపిస్తూనే ఉన్నాయి.

"ఒకటి తియ్యి అన్నయ్యా, పిల్లకి."

వాడు తలెత్తలేదు. "ఆడపిల్లలకి అమ్మను. మేనకోడలికైతే అసలే అమ్మను. రేపు చెయ్యి విరిగితే మేనమామే కొనిపెట్టాడంటారు."

"మొన్న ఎదురింటివాళ్ల అబ్బాయికి అమ్మావుగా. వాడి చేతులు విరగవా?"

"వాడు మగపిల్లాడే."

పిచ్చుక ఆ పై అర వంకే చూస్తూ బయటికొచ్చింది. మెట్లు దిగాక, "మామయ్యని ఒక్కసారి పడెయ్యనా అమ్మా?" అంది. వద్దన్నాను. ఎందుకన్నానా అని ఇప్పుడనిపిస్తోంది.

ఆ తర్వాత ఊరంతా తిరిగాం. పెద్ద బట్టలషాపులో "జూడో జాకెట్టు ఉందా?" అంటే, "కొత్త మోడలా మేడమ్? వీపు మీద డిజైనా?" అని రవికలు తీసి పరిచాడు. నాటకాల దుస్తులు అద్దెకిచ్చే చోట వీపు మీద పెద్ద పాము బొమ్మ ఉన్న తెల్లకోటు దొరికింది. జూడో టీచరమ్మ దాని చెయ్యి పట్టుకుని ఊరికే అలా లాగిందంతే, చెయ్యి ఊడి ఆవిడ చేతిలోకొచ్చింది. "బస్టాండు వెనక ఒకావిడ ఉండేది, ఇప్పుడుందో లేదో చూడండి" అంది ఆవిడే.

ఉంది. ఇరుకు సందులో బోర్డు కూడా లేని గది. పైకప్పుకి గుద్దులు ప్రాక్టీసు చేసే బ్యాగులు వేలాడుతున్నాయి. వాటి మధ్య కుట్టుమిషను ముందు నీ ఈడు మనిషి, లావుపాటి కళ్లద్దాలతో. సందులో అందరూ బ్యాగులమ్మ అంటారట. ఆడపిల్లకెందుకమ్మా అని అడగలేదు. లేచొచ్చి పిచ్చుక ఎదురుగా నిలబడి, "నా కాలరు పట్టుకుని లాగు" అంది. పిల్ల జంకింది. "లాగవే, నేనేం గాజుబొమ్మనా!" లాగింది. ఆవిడ మురిసిపోయింది.

ఉన్న కోట్లన్నీ మగపిల్లల కొలతలే. ఒకటి విప్పి, భుజాలు తగ్గించి, మేం కూర్చుని ఉండగానే మళ్లీ కుట్టింది. కుడుతూనే చెప్పింది, ఆ భవనం కూలగొడుతున్నారని, కొట్టు మూసేస్తున్నానని. "ఎవరికీ కనపడని కొట్టు ఉంటేనేం, పోతేనేం" అంది. ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదమ్మా.

పోటీలో పిచ్చుక మొదటిదాంట్లో గెలిచింది. రెండోదాంట్లో అవతలి పిల్ల దీన్ని దుప్పటి దులిపినట్టు దులిపేసింది. మోచెయ్యి గీరుకుపోయి, నవ్వుకుంటూ వచ్చింది. కోటు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక ఇంతసేపూ నాన్చిన సంగతి. ఇక్కడ నువ్వు వదిలివెళ్లిన ముందుగదిని, షాపు పక్కనే కదా, అన్నయ్యకి గోడౌనుగా ఇవ్వమని రాశావు. ఇవ్వలేదు. నిన్ను అడక్కుండా బ్యాగులమ్మకి ఇచ్చాను. సాయంత్రం డ్యూటీ దిగాక నేనూ కౌంటర్లో కూర్చుంటున్నాను. వీధివైపు పెద్ద బోర్డు పెట్టించాను: "జూడో, కరాటే, బాక్సింగు సామాను. ఆడపిల్లల కొలతలకి కుట్టబడును."

బోర్డు ఎక్కించగానే అన్నయ్య పక్కషాపులోంచి ఊడిపడ్డాడు.

"తోడబుట్టినదానివై ఉండి నాకే పోటీ పెడతావా?"

"పోటీ ఏముందన్నయ్యా? నువ్వు ఎవరికి అమ్మనన్నావో వాళ్లకే అమ్ముతున్నాను."

"అమ్మకి రాస్తాను."

"రాయి. నేనూ రాస్తాను."

నిన్న నాకు సెలవు. మధ్యాహ్నం వదిన అన్నయ్యకి క్యారేజీ తెచ్చింది. అది వాడి బల్ల మీద పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని, వాడు చూస్తుండగానే తిన్నగా మన గడప ఎక్కింది. "కొలతలు తియ్యండి" అంది, వీధంతా వినపడేలా. వదిన గొంతు అంత పెద్దదని నాకు ఇన్నేళ్లూ తెలీదు.

"ఎవరికి వదినా, పిల్లకా?"

"మా ఇద్దరికీ."

నీ మంచం కదపలేదమ్మా. మధ్యాహ్నాలు బ్యాగులమ్మ దాని మీద కాసేపు నడుం వాలుస్తోంది. నువ్వు రా. తిట్టాలనుంటే ఎదురుగా కూర్చుని కడుపారా తిట్టు, పడతాను. గది ఖాళీ చెయ్యమని మాత్రం రాయకు. రాసినా చెయ్యను.

ఇట్లు,
నీ మాట మొదటిసారి వినని
నీ పెద్దకూతురు