గేటు వైపు తిప్పిన కెమెరా

చెల్లీ,

ఫోన్లో వినిపించిన ఆ మోత ఏమిటని అడిగావు. గోడకు రంధ్రాలు పెడుతున్నామని చెప్పి మాట మార్చాను. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో ఏడుపు అందుకుంటావు, నేను చెప్పాల్సింది మింగేస్తాను. అందుకే కాగితం పట్టుకున్నాను.

మా ఇంటి బయట కెమెరాలు పెట్టాం. పెట్టాం అంటే పెట్టింది కోడలు. నేను నిచ్చెన పట్టుకున్నాను.

విడాకులయ్యాక మావాడు తన దారిన పోతే, నేను కోడలి దగ్గరే ఉండిపోయిన సంగతి నీకు తెలుసు. ఆ తర్వాత జరుగుతున్నవి మాత్రం నీకు చెప్పలేదు. ముందు కిటికీ అద్దం పగిలింది. తర్వాత ఆరేసిన బట్టలు ఎవరో నిలువునా కత్తిరించారు. కిందటి నెల కోడలు పాపను బడికి దింపడానికి బండి తీస్తే, వీధి మలుపులో బ్రేకు పడలేదు. పక్కనున్న ఇసుక కుప్పలోకి పోనిచ్చి ఆపింది కాబట్టి సరిపోయింది. మెకానిక్ చూసి, "ఇది అరిగి తెగిన తీగ కాదమ్మా, ఎవరో కోశారు" అన్నాడు. పోలీస్ స్టేషన్‌లో, "చూసినవాళ్లు లేకుండా ఎవరి పేరు రాయమంటారు?" అన్నారు. ఎవరి పేరో కోడలికి తెలుసు. నాకూ తెలుసు. ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటూ కూడా ఇద్దరం ఆ పేరు ఎత్తలేదు. తను నా ముఖం చూసి నోరు కట్టుకుంది. నేను సిగ్గుతో కట్టుకున్నాను.

కెమెరాలు బిగించే మనిషి వానలు తగ్గాక వస్తానన్నాడట. "అంతదాకా వచ్చేవాడు ఆగుతాడా" అని తనే మొదలుపెట్టింది. రెయిన్‌కోట్లు కుట్టే కార్ఖానాలో పనిచేసే పిల్ల కదా, నీళ్ల బుద్ధి ఎలాంటిదో తనకు తెలుసు. వాన సూటిగా కొట్టకుండా కెమెరాలను చూరు కిందికి జరిపింది. గోడలో రంధ్రాన్ని బయటివైపుకు వాలుగా తొలిచింది. తీగను రంధ్రంలోకి పోనిచ్చే ముందు కిందికి ఒక వంపు వేలాడేలా వదిలింది. "ఇదెందుకే, చూడ్డానికి అసహ్యంగా" అన్నాను.

"తీగ వెంట జారే నీళ్లు ఆ వంపు దగ్గరే కింద పడిపోతాయి అత్తయ్యా. లేకపోతే చుట్టాల్లాగా సరాసరి ఇంట్లోకి వచ్చేస్తాయి" అంది.

నాకు నవ్వొచ్చి నిచ్చెన కదిలింది. "సరిగ్గా పట్టుకోండి, నేను పడితే మీకు వండిపెట్టేదెవరు" అని పైనుంచి కేక. ఈ ఇంట్లో వండిపెట్టేది నేనే అనుకో.

గోడకు ఆనే కెమెరా పళ్లెం చుట్టూ జిగురు పూసి, అడుగున మాత్రం కాస్త ఖాళీ వదిలేసింది. ఎలాగోలా లోపల చేరిన నీళ్లు బయటికి పోవడానికట. తీగల అతుకులన్నిటికీ రబ్బరు టేపు సాగదీసి చుట్టింది. అంతా అయ్యాక పైపుతో నీళ్లు కొట్టి చూసింది. కెమెరాలు తడిసినా లోపలికి చుక్క పోలేదు. నేను మాత్రం నిలువునా తడిశాను. చెల్లీ, పనిలో ఉన్నప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి. భయపడుతున్న మనిషి చేతులు అంత నిదానంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు.

చివరికి గేటు దగ్గరిది మిగిలింది. మరలు బిగించకుండా దాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నా వైపు చూడకుండా అడిగింది.

"అత్తయ్యా, వీధి వైపు పెడితే వచ్చేపోయేవాళ్ల ఆకారాలు కనిపిస్తాయి, అంతే. గేటు వైపు తిప్పితే ముఖం తెలుస్తుంది. ఎవరిదైనా సరే. ఎటు పెట్టమంటారు?"

ఆ నిచ్చెనను నేను పట్టుకున్నానో, అదే నన్ను పట్టుకుందో తెలియదు. బిడ్డతో సహా చావు అంచుదాకా వెళ్లొచ్చిన మనిషి, నన్ను అడగాల్సిన పనేముంది? అయినా అడిగింది. నా కడుపున పుట్టినవాడు ఏనాడూ నాకు ఆ మర్యాద చేయలేదు.

"గేటు వైపే తిప్పు. గట్టిగా బిగించు" అన్నాను.

నన్ను తిట్టాలనిపిస్తే ఇక్కడికి వచ్చి తిట్టు. నిన్ను చూసినట్టూ ఉంటుంది.

నీ అక్క


చిన్నత్తయ్యగారికి,

అత్తయ్య కలం పట్టుకుని పెట్టేశారు. "నువ్వే రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి, నన్ను గొప్పదాన్ని చేయకు" అన్నారు. మొదటి మాట వింటాను. రెండోది నావల్ల కాదు.

ఆయన కిందటి వారం ఒక సాయంత్రం వచ్చారు, జోరు వానలో. నేను కార్ఖానా నుంచి వచ్చి తల తుడుచుకుంటుంటే, గేటు దగ్గర ఎవరో ఉన్నారని ఫోన్ మోగింది. తీసి చూశాను. అంత వానలోనూ కెమెరా అద్దం మీద చుక్క నిలవలేదు. గేటు లోపల నిలిపిన బండి పక్కన కూర్చున్న మనిషి, చేతిలో పట్టకారు, ఆ ముఖం. అత్తయ్య నా భుజం మీదుగా చూశారు. గొడుగు తీసుకుని బయటికి నడిచారు. నేను వెనకే పరిగెత్తాను.

ఆయన లేచి పైనున్న కెమెరా వైపు చూశారు. "కన్నకొడుకు మీద కోడలితో కాపలా పెట్టించుకున్నావా అమ్మా?"

"అది పెట్టలేదు. నేనే పెట్టించాను" అన్నారు అత్తయ్య. "ఈ బండి మీద రోజూ నీ కూతురు కూర్చుంటుంది. అది గుర్తుందా నీకు?"

ఆయన పట్టకారు జేబులో దోపుకున్నారు. మాట్లాడినంతసేపూ అత్తయ్య ఆ గొడుగును ఆయన నెత్తి మీదే పట్టారు. తాను మాత్రం తడిసి ముద్దయ్యారు. ఆయన వెళ్లిపోయాక కూడా చేయి అలాగే చాపి ఉంది. నేనే వెళ్లి దించాను.

మీకు ఒక సంగతి చెప్పాలి. నేను వేరే ఊళ్లో పని కుదుర్చుకున్నాను. పాప బట్టలు పెట్టెలో సర్దేశాను కూడా. కెమెరాలు బిగించింది మా కోసం కాదు, మేం వెళ్లాక ఒంటరిగా ఉండబోయే అత్తయ్య కోసం. ఎటు తిప్పమంటారని అడిగిందీ అందుకే. కొడుకు మీద సాక్ష్యం చెప్పమని ఏ తల్లిని అడగగలం?

లోపలికి వచ్చాక, "ఈ వీడియో ఎవరికీ పంపను అత్తయ్యా" అన్నాను.

"పంపడమెందుకు, మనమే తీసుకెళ్దాం. బండి తియ్యి" అన్నారు. గుమ్మం దాటుతూ, "ముందు బ్రేకు చూసుకో" అన్నారు.

స్టేషన్‌లో ఆ వీడియో ఆపి, "ఈ మనిషిని గుర్తుపట్టగలరా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"నా కొడుకు. ఆ పేరు నేనే పెట్టాను, చెబుతాను రాసుకోండి" అన్నారు.

సంతకం పెట్టేటప్పుడు మాత్రం ఆవిడ పేరు పక్కకు వాలిపోయింది.

మర్నాడే పోలీసులు ఆయన్ని పట్టుకున్నారు, ఇప్పుడు జైల్లో ఉన్నారు. నేను కుదుర్చుకున్న పనికి రానని కబురు పెట్టి, పాప బట్టలు మళ్లీ బీరువాలో పెట్టాను. "ఇవన్నీ ఇలా ముడతలు పడ్డాయేంటే?" అన్నారు అత్తయ్య. ఇస్త్రీ చేయాలన్నాను.

రేపు అత్తయ్య ఆయన్ని చూడటానికి వెళ్తున్నారు. రెండు జతల బట్టలు, తువ్వాలు, సబ్బు సంచిలో పెట్టుకున్నారు. పొద్దున్నుంచీ ఆ సంచి తీసి మళ్లీ మళ్లీ సర్దుతున్నారు. బస్సులో వెళ్తానంటే నేను ఒప్పుకోలేదు. బండి మీద నేనే దింపుతాను. ఆవిడ బయటికి వచ్చేదాకా, ఎంతసేపైనా సరే, జైలు గేటు బయటే నిలబడతాను.

మీ అక్క కోడలు