కాకి కోసం కూచున్నాను, చూడకండి

రిజర్వాయర్ హిల్స్,
జూన్ 1994

చెరువు కాడ కాపలా ఉండే పోలీసు అయ్యగారికి కోగీ దణ్ణాలు.

గేటు బోర్డు మీద సూరయ్య అని మన పేరు కనబడింది, అందుకే తెలుగులో రాస్తున్నా. ఓట్లు వేశాం, తెల్లవాళ్ల రాజ్యం పోయిందన్నారు. మరి పొదల చాటున కళ్లకి జోడుగొట్టాలు పెట్టుకుని నన్నెందుకు చూస్తున్నారు? పోయిన ఏడు వెరులం రోడ్డు మీద టాక్సీ బోల్తాపడి మా సాషెన్ పోయాడు. వాడి తద్దినానికి కాకికి ముద్ద పెట్టాను, అంతే. మీరట్లా చూస్తుంటే కాకి ఎట్లా వస్తుంది? అది ముట్టకపోతే నా కొడుక్కి శాంతి లేదు.

ఇట్లు,
కోగీ

తా.క. పొట్టి నిక్కరు వేసుకున్న ముసలి పోలీసుకి ఈ జూన్ నెల చలిలో ప్యాంటు ఇప్పించండి.

---

కోగమ్మ గారికి సూరయ్య నమస్కారాలు.

మేం పోలీసులం కాదమ్మా, పక్షుల్ని చూసే క్లబ్బు వాళ్లం. ఆదివారం ఆదివారం వచ్చి, ఏ పిట్ట కనబడినా సంతోషపడి పోతాం. మీ అబ్బాయి సంగతి చదివి మనసు కలుక్కుమంది.

మీ,
సూరయ్య

తా.క. ఆ నిక్కరు ముసలాణ్ణి నేనే. చలి వేస్తూనే ఉంది.

---

సూరయ్య అన్నకి,

పక్షుల క్లబ్బా! ముందే చెప్పొద్దూ? అయితే మీ కాకుల్లో ఒకదాన్ని ఇటు పంపండి. మొన్న ఆదివారం మటన్ కూర కూడా వండి పెట్టాను. కాకి రాలేదు. పొడుగు ముక్కు హడీడా పిట్ట వచ్చి, ఊరంతా వినబడేలా అరుచుకుంటూ మొత్తం ఊడ్చేసింది. మీ వాళ్లకి కాస్త మర్యాద నేర్పండి.

కాకి కోసం కాచుకున్న,
కోగీ

తా.క. ఇక్కడి కాకులకి రొమ్మున తెల్ల బనియను ఉంటుంది కదా, అది చెల్లుతుందా?

---

చెల్లెమ్మా కోగీ,

మా మాట ఏ పిట్టా వినదు తల్లీ. కాకి రాకపోతే పోయినవాళ్లకి తీరని కోరిక ఉన్నట్టని మా అమ్మ అనేది. అది తీరుస్తానని పైకి చెప్పాలట. సాషెన్‌కి ఏం కోరిక ఉండేదో తలచుకో. ఈ ఆదివారం మేమందరం అటు తిరిగి కూచుంటాం. నా మాట.

అన్న,
సూరయ్య

తా.క. తెల్ల బనియను కాకి కూడా కాకేనని క్లబ్బు తీర్మానించింది. మాతో వచ్చే వయొలెట్ గారు గట్టిగా బలపరిచారు.

---

అన్నయ్యా,

వాడి కోరిక కారేమో, పెళ్లేమో అనుకున్నా. తెల్లారి చెరువు కంచె చూడగానే తెలిసింది. మనల్ని లోపలికి రానివ్వని రోజుల్లో వాడు ఆ కంచె బయటే నిలబడి, పేపరు గొట్టంలా చుట్టి కంటికి పెట్టుకుని పిట్టల్ని చూసేవాడు. "పోలీసులు పట్టుకుపోతార్రా!" అని లాక్కొచ్చేదాన్ని.

అందుకే "నీ బదులు నేను చూస్తానురా నాయనా" అని, మీ జోడుగొట్టాలు అడిగి పుచ్చుకున్నా. నీలం పిట్ట ఒకటి దబుక్కున నీళ్లలోకి దూకి చేపతో లేచింది. అబ్బ, ఏం పిట్ట! దాన్ని చూస్తూ ముద్ద సంగతే మరిచాను. కాకి నా వెనకే వచ్చి తిని పోయిందట. నేను చూడనే లేదు!

అటు తిరిగి కూచుంటామన్న వాళ్లు ఒక్కరైనా తిరిగారా? అందరూ చూశారు. వయొలెట్ గారు "హీ కేమ్, కోగీ!" అంటూ నన్ను పట్టుకుని ఏడ్చేశారు. చూడొద్దని తిట్టింది నేనే. మాట తప్పి చూసినందుకు మీ అందరికీ చేతులెత్తి దణ్ణం.

మీ చెల్లెలు,
కోగీ

తా.క. మిగిలిన మెతుకులు హడీడా తిన్నది. తిననివ్వండి. సాషెన్ స్నేహితులూ అంతే, సరిగ్గా అన్నం వేళకే అరుచుకుంటూ వచ్చేవాళ్లు.